హారన్ కొట్టుకుంటూ అత్తారింటికి

నాకు ఏడుపు రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. కోపం మాత్రం పిలవకపోయినా వస్తుంది. దెబ్బ తగిలితే కోపం, జ్వరమొస్తే కోపం, ఆరేసిన బట్టల మీద వాన పడితే మబ్బు మీద కోపం. ఇప్పుడు పంచాయతీ సెక్రటరీగా ఉన్నాను కాబట్టి ఈ గుణం ఉద్యోగానికి బాగానే పనికొస్తోంది గానీ, పెళ్లినాడు మాత్రం నా పరువు తీసినంత పని చేసింది.

ఎందుకంటే మా తండాల్లో పెళ్లికూతురు ఏడవాలి. ఊరికే కళ్లొత్తుకుంటే కుదరదు. అత్తారింటికి బయల్దేరే ముందు ఒక్కొక్కరి మెడనూ కావలించుకుని, రాగం తీసి, ఆ మనిషి నన్నెట్లా పెంచిందో, ఆమెను విడిచి నేనెట్లా బతకాలో పాట కట్టి ఏడవాలి. దాన్ని ఢావ్‌లో అంటాం. బాగా ఏడ్చిన పిల్లకు చుట్టుపక్కల తండాల్లో మంచి పేరొస్తుంది. ఏడవని పిల్లకు అంతకంటే జల్దీ పేరొస్తుంది.

మా మేనత్త, అంటే మా బాపు చెల్లెలు, ఏన్కూరు చుట్టుపక్కల ఢావ్‌లోకి పెట్టింది పేరు. పెళ్లి ఖాయమైన దగ్గర్నుంచీ సాయంత్రం సాయంత్రం నాకు ఏడుపు ట్యూషన్ పెట్టింది. మా ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ భాషే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, తెలుగులో మాట్లాడినా మావాళ్ల ధోరణి ఇదే.

"గొంతు వణికియ్యాలె," అనేది మేనత్త. "గట్ల కాదే! పంచాయతీల నీళ్ల పన్ను అడిగినట్టు పాడుతున్నవ్. లోపలి నుంచి రావాలె."

"లోపల ఏం లేదత్తా, నేనేం చెయ్యాలె?"

"లేకుంటెట్ల? అయ్యను అవ్వను ఇడిసిపోతున్నవ్ గదనే!"

పినపాక దగ్గర తండాకు పోతున్నాను, చంద్రమండలానికి కాదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మా ఇంట్లో అన్నం తినొచ్చు. దీనికి గొంతెందుకు వణకాలో నాకు అర్థమయ్యేది కాదు.

అసలు సంగతి బాపు కారు.

మా బాపు బోరు మోటర్లు బాగుచేస్తాడు. ఏ చేను కింద ఎంత లోతున నీళ్లున్నాయో, ఎవరి మోటరు ఎందుకు కాలిందో ఆయనకు తెలుసు. ఒకసారి సత్తుపల్లిలో ఒక పెద్దాయన తోటలో మోటరు బాగుచేయడానికి వెళ్లి, షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత అంబాసిడర్ కారును చూసి మనసు పారేసుకున్నాడు. "తీసుకపో, నాకు కోళ్లగూడు వేరేది కట్టించు," అన్నాడట ఆ పెద్దాయన. బాపు గూడు కట్టించి కారు తోలుకొచ్చాడు. నాకంటే వయసులో పెద్దది ఆ కారు. ఎండాకాలం తలుపులు తెరిస్తే ఇప్పటికీ కోళ్ల వాసన కొడుతుంది.

బాపు దాన్ని నడపడం కంటే హారన్ కొట్టడం ఎక్కువ. మలుపు వస్తే హారన్, మేక కనిపిస్తే హారన్, చుట్టం కనిపిస్తే హారన్, ఎవరూ కనిపించకపోతే ఎందుకు కనిపించడం లేదని హారన్. ఆ కారులో ఎన్నడూ చెడిపోనిది అదొక్కటే.

వెనకటికి మా పెళ్లికూతుర్ని ఎద్దు మీద నిలబెట్టి, చేతులు పైకెత్తించి, పుట్టింటిని దీవించే పాట పాడించేవాళ్లు. ఇప్పుడు మా తండాలో ఎద్దులు లేవు, ట్రాక్టర్లున్నాయి. ట్రాక్టర్ మీద నిలబెడితే సర్పంచికి పోటీ చేస్తున్నట్టుంటుందని యాడి, అంటే మా అమ్మ, ఒప్పుకోలేదు. అప్పుడు బాపు తీర్మానం చేశాడు.

"నా బిడ్డ నా కారు తలుపు కాడ నిలవడి దీవెన పాడుతది. గా కారుల్నే అత్తారింటికి పోతది."

ఎందుకంత పంతమంటే, పెళ్లికూతురి వెంట తండ్రి పోకూడదు. మావైపు ఆచారం అది. మేనమామ పోవచ్చు, మేనత్త పోవచ్చు, తండ్రి మాత్రం పొలిమేర దగ్గర ఆగిపోవాలి. "నేనెట్లాగూ రావద్దాయె. నా బండన్న రావాలె గదా బిడ్డా," అన్నాడు ఒకరోజు రేడియేటర్‌లో నీళ్లు పోస్తూ, నా వైపు చూడకుండా. నేను "సరే బాపూ" అన్నాను. ఆ రోజు నుంచి ఆ కారులోనే పోవాలని నాకూ మొండితనం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే కారు మొరాయించింది. ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు తోడే పాత పంపు లోపల చిరిగిపోయింది. అట్లాంటిది ఖమ్మంలో దొరకలేదు, కొత్తగూడెంలో దొరకలేదు. కొత్తగూడెం స్పేర్ పార్టుల కొట్టాయన మాత్రం సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి తీసి చూపించాడు. కరెంటుతో నడిచే పెట్రోలు పంపు. దానికి రెండు వైర్లు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది.

"ఎర్రది ప్లస్సుకు, నల్లది బాడీకి. ఖతం," అన్నాడు కొట్టాయన.

బాపు ముఖం మారిపోయింది. "బాడీకా?"

"అవ్ అన్నా, బాడీకే. ఏడన్న ఓ బోల్టు కింద కట్టెయ్యి."

"కారు బాడీకి కరెంటియ్యాల్నా?"

"బండంతా గట్లనే ఉంటది అన్నా. లైట్లు గిట్ల అన్నీ బాడీ మీదనే వెలుగుతయి."

గాజులు కొనుక్కుందామని నేనూ వెంట వెళ్లాను కాబట్టి ఇదంతా కళ్లారా చూశాను. బాపు జేబులోంచి డబ్బులు తీసి ఇచ్చాడు. డబ్బా తీసుకుని బస్సెక్కాడు. జూలూరుపాడు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"ఇన్నేండ్ల సంది నా పనేంది? బాడీకి కరెంటు రాకుండ చూసుడే గదా! మోటరు బాడీకి కరెంటొచ్చి బర్రెలు సచ్చినయ్, మనుషులు సచ్చిండ్రు. ఇప్పుడు నా బిడ్డ కూసునే బండికి నా చేతులతోని బాడీకి కరెంటియ్యమంటడా? ఆనికి బిడ్డల్లేరా?"

"బాపూ, అది బ్యాటరీ కరెంటు. ఏం కాదు."

"కరెంటు కరెంటే. నీకేం ఎరుక."

ఇంటికి రాగానే జేబులోంచి టెస్టర్ తీసి కారు బాడీకి ఆనించాడు. ఆ టెస్టర్ ఇంట్లో కరెంటుకు వెలుగుతుంది గానీ కారు బ్యాటరీకి వెలగదు. "సూడు, బాడీకి కరెంటు లేదు," అన్నాడు గెలిచినట్టు. "ఉన్నదాన్ని నేనెందుకు చెడగొట్టాలె?"

ఆపైన రెండు రోజులు బానెట్ ఎత్తి లోపల తలపెట్టి కూర్చున్నాడు. బోరు మోటరు మనిషి కదా, కరెంటు ఒక వైరులో పోవాలి, ఇంకో వైరులో తిరిగి రావాలి అనేది ఆయన లెక్క. ఆ కారులో అట్లా రెండు వైర్లూ ఉన్నది ఒక్క హారన్‌కే. పైగా, నొక్కిన మరుక్షణం మోగుతుందంటే దానికి ఎప్పుడూ కరెంటు ఉన్నట్టే అని ఆయన నమ్మకం. పంపు ఎర్రవైరును హారన్ వైరు ఒకదానికి, నల్లవైరును రెండోదానికి చుట్టి, టేపు వేసి, దాని మీద ఇంకో టేపు వేశాడు. బాడీని తాకలేదు. తర్వాత కొంచెం పెట్రోలు ఇంజను మీది కార్బొరేటర్‌లో చేత్తో పోసి తాళం తిప్పాడు. బండి స్టార్టయింది.

ఏన్కూరు దాకా పోయి వచ్చాడు. దారిలో కనిపించిన ప్రతి మేకకూ, ప్రతి మనిషికీ, పెళ్లి కారు బాగైందని చెప్పుకుంటున్నట్టుగా హారన్ కొడుతూనే పోయి, కొడుతూనే వచ్చాడు. ఎక్కడా ఆగలేదు. "మోటరు పని మోటరోడే చెయ్యాలె," అని యాడి దగ్గర కాలరెగరేశాడు. అందరం నమ్మాం. నమ్మక చస్తామా, కళ్ల ముందు నడిచింది కదా.

పెళ్లయింది. మర్నాడు మధ్యాహ్నం అప్పగింతలు. తునికాకు కోసే కాలం, ఎండ మండిపోతోంది. పొద్దుగూకక ముందే నేను అత్తారింటి గడప తొక్కాలి. వాళ్లు ఒక కొత్త ఏసీ కారు కిరాయికి తెచ్చారు. మా ఆడబిడ్డ భర్త, వరసకు నాకు అన్న, ఆ కారు పక్కన నిలబడి మా అంబాసిడర్‌ను ఎగాదిగా చూశాడు.

"కాకా, దీన్ల పోతే తొవ్వల ఆగుతదేమో," అన్నాడు బాపుతో.

"ఆగదు కొడుకా."

"ఆగితే?"

"ఆగితే మీ కారెక్కుతది. గంతే గద?" అన్నాడు బాపు. అన్నాడు గానీ ఆ మాట అనేటప్పుడు మింగుడుపడనిదేదో నోట్లో ఉన్నట్టు కనిపించాడు.

ఢావ్‌లో మొదలైంది. యాడి మెడ మీద పడి గొంతు వణికించాను. వణికింది, కన్ను మాత్రం తడవలేదు. మేనత్త మెడ మీద పడ్డాను. ఆమె నిజంగా ఏడుస్తూ, మధ్యలో నా వీపు మీద గట్టిగా గిల్లింది. కోపమొచ్చింది గానీ కన్నీళ్లు రాలేదు. పిన్నులయ్యారు, వదినెలయ్యారు, పక్కింటి ముసలమ్మ అయింది. ఆ ముసలమ్మ నా ముఖం తడిమి చూసి, "పొడిగున్నదే!" అని అందరికీ వినపడేట్టు అంది.

ఇక బాపు వంతు. చూస్తే బాపు లేడు. పంపు బిగించిన నట్టు వదులైందేమోనని ఆఖరి నిమిషంలో అనుమానమొచ్చి కారు కింద దూరాడు. కాళ్లు మాత్రమే బయటికున్నాయి. ఏం చేయను, ఆ కాళ్లే పట్టుకున్నాను.

"ఓ నా బాపూ..." అని రాగం తీశాను.

"పాడు బిడ్డా, వింటున్న," అన్నాడు కింది నుంచి. "ఆడ పానా ఉన్నది, జర ఇటు అందియ్యి."

అందించాను. చిన్నప్పుడు నన్ను భుజం మీద మోసుకుని బోర్ల దగ్గరకు తీసుకెళ్లిన సంగతి పాటలో పెట్టాను. "అవ్, అవ్," అన్నాడు. కాసేపాగి, "కొంచెం జరుగు బిడ్డా, వెలుగుకు అడ్డమస్తున్నవ్," అన్నాడు. చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్లలో సగం మంది కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అది ఏడుపు ఆపుకోవడానికి కాదని నాకు తెలుసు.

తర్వాత కారు తలుపు తీసి, గడప లాంటి అంచు మీద నిలబడి, చేతులెత్తి, నా పుట్టిల్లు చల్లగా ఉండాలని పాడాను. నేనూ, మా ఆయనా, మేనత్తా వెనక కూర్చున్నాం. ముందు డ్రైవరు సీట్లో మా మేనమామ. మామ ఫారెస్టు వాళ్ల జీపుకు డ్రైవరు. కలప దొంగలు పారిపోకుండా చప్పుడు లేకుండా జీపు నడిపీ నడిపీ, హారన్ కొట్టడం అంటే నలుగురిలో బూతు మాట్లాడటం లాంటిదని ఆయనకు స్థిరపడిపోయింది. పైగా ఇంటి ఆడపిల్ల ఏడుస్తూ పోతుంటే హారన్ కొట్టడమేమిటి! నిశ్శబ్దంగా, పూలపల్లకి మోసినట్టు కారు కదిలించాడు.

తండాలో ఆఖరి ఇల్లు దాటాం. ఇంజను ఎక్కిళ్లు పెట్టింది. ఆగిపోయింది.

ఇక్కడ మా ఇంకో ఆచారం చెప్పాలి. పెళ్లికూతురు పొలిమేర దాటేదాకా ఆడవాళ్లు ఏడుపు ఆపకూడదు. కళ్లు తుడుచుకుని ఇళ్లవైపు మళ్లిన వాళ్లంతా మళ్లీ పరుగెత్తుకొచ్చి, కారు చుట్టూ చేరి, మొదటి నుంచీ ఎత్తుకున్నారు. బాపు ఉరికొచ్చి సీసాతో కార్బొరేటర్‌లో పెట్రోలు పోశాడు. బండి స్టార్టయింది. మామ మళ్లీ పల్లకి మోశాడు. పత్తి చేను దాకా పోయి మళ్లీ ఆగింది. ఆడవాళ్లు ఆ ఎండలో మళ్లీ ఉరికొచ్చారు. గొంతులు ఎండిపోయి ఒకరికొకరు నీళ్ల సీసాలు అందించుకుంటూ, తాగినవాళ్లు ఎత్తుకుంటే తాగనివాళ్లు ఆపుతూ, వంతులవారీగా ఏడ్చారు. నా పక్కన కూర్చున్న మేనత్తకు చెప్పుకోవడానికి చుట్టరికాలు కూడా అయిపోయాయి. "ఓ నా బిడ్డా, నీ కారు కదలదాయె, దాని పంపు పాడుగాను..." అని కారు మీదికి మళ్లింది.

అన్న ఏసీ కారులోంచి దిగి వచ్చాడు. "కాకా, పొద్దు వాలుతుంది. ఇంకొక్కపారి ఆగితే మా కారెక్కియ్యాలె. పెద్దమనుషులు కూడ గదే అంటుండ్రు."

బాపు తల ఊపాడు. మళ్లీ పెట్రోలు పోశాడు. ఆత్రంలో సగం ఇంజను మీద పోశాడు. బండి పొలిమేర రాయి కనిపించేంత దూరం పోయి, మళ్లీ ఎక్కిళ్లు పెట్టి, ఆగింది.

అన్న వచ్చి నా వైపు తలుపు తీశాడు. "దిగు చెల్లె."

బాపు టెస్టర్ చేత పట్టుకుని బానెట్ ముందు నిలబడ్డాడు. ఏం చూడాలో తెలియక ఊరికే దాని వైపు చూస్తున్నాడు. పెద్దమనుషులు తలా ఒకటి చెబుతున్నారు. ఇంజను వేడెక్కిందని ఒకాయన, దిష్టి తగిలిందని ఇంకొకాయన, కోళ్లగూడుగా ఉన్న బండి శుభకార్యానికి పనికిరాదని మరొకాయన. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. మేనత్త పంపును తిడుతోంది. అన్న "దిగు దిగు" అంటున్నాడు. నాకు పట్టరాని కోపమొచ్చింది. నోరుమూయండని అరవబోయాను, పెళ్లికూతురు అరవకూడదు కదా. ముందుసీటు మీంచి వంగి, మామ చేతిని పక్కకు నెట్టి, హారన్ మీద అరచెయ్యి పెట్టి బలమంతా ఉపయోగించి నొక్కాను. అందరూ నోరు మూసేదాకా తీయకూడదని నొక్కుతూనే ఉన్నాను.

అందరూ నోరు మూశారు. ఒక్క బాపు తప్ప.

"మోటరు! మోటరు నడుస్తుంది!" అని గంతేశాడు. బానెట్ లోపల చెవి పెట్టాడు. ఆ మోతలో కూడా ఆయనకు పంపు టకటక వినిపించింది. "ఆపకు బిడ్డా!"

ఆపాను, భయపడి. టకటక ఆగింది. నొక్కాను. మొదలైంది. మామ తాళం తిప్పితే బండి స్టార్టయింది. బాపు తన వైర్ల వైపు చూశాడు, నా చెయ్యి వైపు చూశాడు, నుదుటి మీద టపీమని కొట్టుకున్నాడు. హారన్ మోగినప్పుడే హారన్ వైర్లలో కరెంటు పారుతుంది, అప్పుడే పంపు పెట్రోలు తోడుతుంది. ఏన్కూరు దాకా బండి ఎందుకు నడిచిందో, మామ చేతిలో ఎందుకు ఆగిందో అందరికీ ఒకేసారి తెలిసింది. పక్కింటి ముసలమ్మకు కూడా తెలిసింది. తెలిసి పొర్లి పొర్లి నవ్వింది.

"గింతేనా!" అన్నాడు అన్న. "ఆ నల్లవైరు పీకి బాడీకి, ఎర్రది తాళం కాడికి ఇయ్యి కాకా. ఓ నిమిషం పని."

బాపు నవ్వు ఆగిపోయింది. "బాడీకియ్యను."

"కాకా, కార్లన్నీ గట్లనే ఉంటయి."

"ఉండనియ్యి. నా బిడ్డ కూసున్న బండి బాడీకి కరెంటియ్యను." గొంతు పెద్దది చేయలేదు. అంతమంది ముందు, నవ్వుతున్న వాళ్ల ముందు, తప్పు తనదని తెలిసి కూడా అన్నాడు. అందరూ నా వైపు చూశారు. చదువుకున్నదాన్ని కదా, నేను చెబితే వింటాడని.

"వద్దన్నా," అన్నాను అన్నతో. "హారన్ కొట్టుకుంటనే పోతం."

చీరా, నగలూ, అద్దాల ఓణీ అన్నీ సర్దుకుని ముందుసీట్లోకి మారాను. మామ హారన్ కొట్టనని ఒట్టు పెట్టుకున్నట్టు రెండు చేతులూ స్టీరింగ్ అంచుకే పెట్టాడు. గోరింట చెయ్యి చాచి నేనే కొట్టాను. పొలిమేర రాయి దాటేటప్పుడు ఆడవాళ్లు ఆఖరి రాగం అందుకున్నారట. నాకు ఒక్క ముక్క వినపడలేదు. అద్దంలో బాపు కనిపించాడు, రాయి దగ్గర, టెస్టర్ చేతిలోనే పట్టుకుని. మలుపు తిరిగేదాకా కనిపించాడు.

జూలూరుపాడులో లారీలు అంబులెన్స్ అనుకుని పక్కకు తప్పుకున్నాయి. మా వెనక ఏసీ కారు అద్దాలన్నీ బిగించుకుని, మాకు ఎంత దూరంగా ఉండొచ్చో అంత దూరంగా వచ్చింది. కొత్తగూడెంలో ఒకాయన ఎవరో నాయకుడొస్తున్నాడనుకుని లేచి దండం పెట్టి, లోపల పెళ్లికూతురే హారన్ కొట్టుకోవడం చూసి, ఆ దండం ఏం చేయాలో తెలియక తల గోక్కున్నాడు. చాలామంది తిట్టారు. పెదవుల కదలిక బట్టి ఏం తిట్టారో తెలుస్తూనే ఉంది. సెక్రటరీని కాబట్టి ఆ తిట్లన్నీ నాకు పరిచయమే.

పాల్వంచ దాటాక నా చెయ్యి తిమ్మిరెక్కింది. వెనక నుంచి మా ఆయన ముందుకు వంగాడు. పెళ్లయిన దగ్గర్నుంచి నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి.

"ఎప్పటికీ కొట్టుడు అవసరం లేదనుకుంట," అన్నాడు మెల్లగా. "ఇంజను ఎక్కిళ్లు పెట్టినప్పుడు కొడితే సాలు."

ప్రయత్నించాం. నిజమే. కొంత దూరం నిశ్శబ్దం, ఎక్కిలి, హారన్, మళ్లీ నిశ్శబ్దం. పనికొచ్చే మనిషే దొరికాడని అప్పుడనిపించింది. "చెయ్యి నొస్తుందా? నేను కొడత," అని కూడా అన్నాడు. ఇవ్వలేదు. మా బాపు కారు హారన్ అది, అంత తొందరగా ఎట్లా ఇస్తాను?

అడవిలో తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని కోయ ఆడవాళ్లు రోడ్డు దాటుతున్నారు. మా మోతకు ఒకామె కట్ట దించి, నడుం మీద చేతులు పెట్టుకుని వాళ్ల భాషలో ఏదో అంది. మేనత్త కిటికీలోంచి తల బయటపెట్టి మా భాషలో ఏదో అంది. ఒకరి మాట ఒకరికి తెలియదు గానీ ఇద్దరూ పకపకా నవ్వారు. చెక్‌పోస్టు దగ్గర మామ తలపాగా విప్పి ముఖానికి చుట్టుకున్నాడు. అక్కడ అందరూ ఆయనకు తెలిసినవాళ్లే. గేటు దగ్గర సరిగ్గా ఎక్కిలి వచ్చింది. కొట్టాను. "ఎవరది, మన డ్రైవరేనా?" అని లోపలి నుంచి వినపడింది. మామ ఆ తలపాగా తండా వచ్చేదాకా తీయలేదు.

పొద్దుగూకక ముందే చేరాం. అప్పటికి హారన్ గొంతు కూడా బొంగురుపోయింది. అత్తారి తండా అంతా రోడ్డు మీదకొచ్చి నిలబడింది. హారతి పళ్లెం పట్టుకున్న మా అత్త చెవులు మూసుకోవాలో పళ్లెం పట్టుకోవాలో తేల్చుకోలేక, పళ్లెం పక్కామెకిచ్చి చెవులే మూసుకుంది. ఇప్పటికీ అక్కడ నన్ను హారన్ కోడలనే అంటారు. ఆ వైర్లు కూడా ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. బాపు ఆ కారులో వస్తుంటే అడవి మలుపులోనే తెలిసిపోతుంది, నేను పొయ్యి మీద చాయ్ పెట్టేస్తాను.

గడప తొక్కి, తంతులన్నీ అయ్యాక మా ఆయన ఫోను అడిగి ఇంటికి చేశాను. దారిలో చేద్దామంటే అడవిలో సిగ్నల్ లేదు. ఉన్నచోట ఆ మోతలో ఎవరికేం వినపడుతుంది?

యాడి ఎత్తింది. "చేరినవా బిడ్డా?"

"చేరిన. బాపు ఏడి?"

"ఇప్పుడే వచ్చిండు. పొద్దటి సంది అన్నం తినలే."

"ఏడికి పోయిండు?"

యాడి చెప్పింది. మేం మలుపు తిరిగాక అందరూ ఇళ్లకు పోయినా బాపు పొలిమేర రాయి దగ్గరే నిలబడ్డాడట. హారన్ వినపడుతున్నంతసేపూ బండి నడుస్తున్నట్టే కదా. చప్పుడు ఆగితే ఉరుకుదామని చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడట. చప్పుడు సన్నబడింది, సన్నబడింది, ఇక వినపడలేదు. బండి ఆగిందో, దూరం పోయిందో తెలియలేదు. పక్కింటి వాళ్ల మోటారుసైకిల్ తీశాడు.

"తండ్రి వెంట రావద్దు గదా యాడీ!"

"వెంట పోలే అంటడు. ఎవరికీ కనవడకుంట ఎనకాల పోయిన అంటడు. ఇగో, నువ్వే అడుగు."

బాపు ఫోను తీసుకున్నాడు. గొంతులో సంతోషం.

"బిడ్డా, బాగ తిట్టిండ్రు!"

"ఎవరు బాపూ?"

"అందరు! గిట్ల హారన్ కొట్టుకుంట ఏదన్న కారు పోయిందా అని అడుగుకుంట పోయిన. మన మూల మీద చాయ్ హోటలాయన తిట్టిండు. హమ్మయ్య, ఈడిదాక నడిచింది అనుకున్న. జూలూరుపాడుల పండ్లామె తిట్టింది. కొత్తగూడెంల ఒకాయనైతే మా తాత దాక పోయిండు. 'ఎవని పెండ్లోగని నా చెవులు పలిగినయ్' అన్నడు. ఇగ పాల్వంచ తొవ్వల తిట్టంగ ఇన్న. బండి మంచిగ పోతుంది, బిడ్డ ఇంటికి చేరుతది అనుకోని, ఆడ ఓ చాయ్ తాగి మళ్లిన."

తిమ్మిరెక్కిన చేతిలోంచి ఫోను రెండో చేతికి మార్చుకున్నాను.

"బిడ్డా? చెయ్యి నొస్తుందా?"

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. రాగం లేదు, పాట లేదు, ముక్కు కారుతూ, వెక్కిళ్లు పెడుతూ, కొత్త చీర చెంగంతా తడిసిపోయేలా ఏడ్చాను. ఫోనులో బాపు "ఏమైంది, ఏమైంది" అంటున్నాడు. మా అత్త లోపలి నుంచి ఉరికొచ్చి, నన్ను చూసి నోరు తెరిచింది.

"ఇప్పుడేడుస్తున్నవేందే? ఇది ఆడ ఏడవాల్సిన ఏడుపు గద!"

ఆ మాటకు నాకు కోపం కూడా రాలేదు.